పద్నాలుగు అభ్యంతరాలు

తొమ్మిదో కాగితాన్ని అలివేణి పఠనబల్ల మీద పరిచి, నాలుగు మూలలూ అదిమి, దీపం కాస్త తగ్గించింది. వానలో మనిషి. అందరి చేతా గీయించే బొమ్మే. గీసినవాడు గౌరీపతి, భీమిలి వైపు వెల్డింగు పనివాడు. ఎంపికైతే ఆర్నెల్లపాటు సముద్రం అడుగున, అడుగుకేంద్రంలో, ఎండ పొడ చూడకుండా బతకాలి. అక్కడ ఒకడి మనసు చెదిరితే మిగతా పదకొండు మంది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే దిగేముందు ప్రతి ఒక్కరూ బొమ్మ గీయాలి. ఆ బొమ్మను ఇద్దరు చదవాలి. ఒకరు అలివేణి. రెండోది రేఖిణి అనే యంత్రం. గీసేటప్పుడు పరీక్ష గదిలో వాళ్లతో మాట్లాడేది కూడా ఆ యంత్రమే.

గౌరీపతి వాన బాగానే కురిపించాడు. గొడుగు లేదు. తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయింది, బొత్తాలు సైతం వదలకుండా పెట్టాడు. ముఖం మాత్రం ఖాళీ.

ఆమె ఇంకా చూస్తుండగానే పక్క తెర మీద రేఖిణి పఠనం వచ్చేసింది. ముఖం ఉండాల్సిన చోట కలం మూడుసార్లు కాగితానికి గోరంత ఎత్తున ఆగి వెనక్కి వెళ్లిందట. "గీసేవాడు ఆ ముఖాన్ని ఎరుగును, గీయలేకపోయాడు. పోయిన మనిషా అని అడిగాను. అవునన్నాడు. దుఃఖం ఉంది, దాచుకోలేదు. వెళ్లవచ్చు."

అది నిజమని అలివేణికి తక్షణమే తెలిసింది. తెలిసినందుకే ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆమెది ఇదే పని. ఒకప్పుడు మనుషులు ఆమె గది బయట కాచుకుని ఉండేవారు. మేడమ్ గీత చూసి గుండెలో మాట చెబుతుందని ఒకరికొకరు చెప్పుకునేవారు. ఐదు నెలల కిందట రేఖిణి వచ్చింది. ఇప్పుడు పరీక్ష గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఆవిడ ఎంత బాగా అడిగిందో అనుకుంటూ వెళ్తున్నారు. యంత్రాన్ని ఆవిడ అంటున్నారు. అలివేణికి కాగితం మీద దిగిన గీతే కనిపిస్తుంది. యంత్రానికి గాలిలో ఆగిన కలం కూడా కనిపిస్తుంది. సవతిపోరు అంటే ఏమిటో ఆమెకు ఈ వయసులో, ఈ బల్ల దగ్గర తెలిసింది.

అభ్యంతరం మీట నొక్కి, కారణం రాసింది: "శూన్యముఖం. ఏకాంతాన్ని తట్టుకోలేడు." మనిషి అభ్యంతరం చెప్పాక యంత్రం మాట చెల్లదు. అది నిబంధన.

ఫలితం చెప్పడం కూడా ఆమె పనే. గౌరీపతి వచ్చి కూర్చోకుండా నిలబడే విన్నాడు. తన బొమ్మలో తప్పేమిటని అడిగాడు. ముఖం లేదని ఆమె చెప్పింది.

"అది మా తమ్ముడండి," అన్నాడతను. "పోయినేటి తుపానుకి పడవతో పోనాడు. మొకం గీద్దామంటే సెయ్యి రానేదు."

"ఆ సంగతి నాకు చెప్పాల్సింది కదా."

"ఆవిడ అడిగిందండి, సెప్పాను. మీరు అడగనేదు."

అతని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

అతన్ని బయట ఉండమని బల్ల దగ్గరకు వచ్చింది. సాయంత్రం సంతకం పడేవరకూ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవచ్చు, ఎవరూ అడగరు. ఆ ఉద్దేశంతోనే తెర తెరిచింది. రేఖిణి అప్పటికే కొత్త పఠనం పెట్టి ఉంది: "నేను చదివింది పొరపాటు. మీ కారణాన్ని పాఠంగా తీసుకున్నాను. శూన్యముఖం గీసిన మరో ముగ్గురిని ఇతర పరీక్షా కేంద్రాల్లో ఆపాను."

ఐదు నెలలుగా ఆమె కోరుకున్నది ఇదే. అది తన ముందు తలవంచాలని. తలవంచింది. తనకన్నా బాగా చదివేదాన్ని చేజేతులా మొద్దును చేసింది. పాత అభ్యంతరాల జాబితా తీసి చూసింది. ఈ ఐదు నెలల్లో, గౌరీపతిదీ కలుపుకుని, పద్నాలుగు. నమ్మి రాసింది ఏదైనా ఉందేమోనని ఒక్కొక్కటీ వెతికింది. ఒక్కటీ లేదు.

తెర మీద గౌరీపతి పేరు ఎదుట పాత కారణం తీసేసి "అసూయ" అని రాసింది.

ఆ పదం తన కారణాల పట్టికలో లేదంది రేఖిణి. గీసినవారి అసూయా అని అడిగింది.

"చదివినవారిది," అని కొట్టి, మిగతా పదమూడింటికీ అదే కారణం పెట్టింది.

చివరిది నొక్కగానే ఏడు పరీక్షా కేంద్రాల్లోనూ పఠనం ఆగిపోయింది. ఆమె మాట మీద యంత్రం నేర్చిన ప్రతి పాఠమూ అనుమానంలో పడింది. ఆ పాఠాలతో దిగినవాళ్లవీ, ఆగినవాళ్లవీ బొమ్మలు మళ్లీ చదవాలి. అడుగుకేంద్రానికి బుధవారం బయలుదేరాల్సిన నావ రేవులోనే ఉండిపోయింది. ఆమె బయటికి వెళ్లి, తప్పు తనదేనని, అతని కాగితాన్ని వేరొకరు చదువుతారని గౌరీపతికి చెప్పి వచ్చింది.

పర్యవేక్షకుడు వినాయకరావు ఫోన్ చేశాడు. ముందు కోప్పడ్డాడు, తర్వాత వాపోయాడు. ఒక్కటి మార్చుకుని ఊరుకుంటే సరిపోయేదని, మిగతావి ఎవరు అడిగారని, ఇక ఉద్యోగం దక్కదని అన్నాడు. చివరికి అతనే అలసిపోయాడు.

"రేపట్నించి ఆ యంత్రం నీ మాట నమ్మాలా, వద్దా? అదన్నా చెప్పమ్మా."

"నమ్మొద్దు సార్. ఎందుకలా రాశావని నన్ను నిలదీయాలి. ముందు అది నేర్పించండి."

ఫోన్ పెట్టేసి జాబితాలో మొదటి పేరు చూసింది. దాక్షాయణి, పంపుల మెకానిక్కు. వేళ్లు లేని చేతులు గీసిందని ఆపేసిన మనిషి. నంబరు నొక్కింది. దాక్షాయణే ఎత్తింది. వెనక కుక్కరు కూస్తోంది.

"నేను బొమ్మలు చదివే అలివేణిని. మీ గురించి నేను రాసింది నిజం కాదమ్మా," అంది.

అలివేణి కాగితం దగ్గరకు లాక్కుంది.

"వేళ్లు ఎందుకు గీయలేదో నాకు చెబుతారా?"