గీకిన కార్డు

కార్డు బీరువాలోనే ఉంది. బీరువా తాళం వేసే ఉంది. కానీ ఆ కార్డు మీద ఎవరో ఎనభై ఆరు వేల రూపాయల సామాను కొనేశారు.

సిద్దిపేట టౌన్ పోలీస్ స్టేషన్. ఉదయం పదకొండు గంటలు. ఎస్సై రుచిత ముందు నలుగురు కూర్చున్నారు.

అది క్రెడిట్ కార్డు, రామవ్వ పేరు మీద ఉంది. డెబ్బై ఏళ్ల ముసలామె, సంతకం రాదు. పక్కన కొడుకు శైలేందర్, డీసీఎం వ్యాన్ డ్రైవర్. కాస్త దూరంగా కోడలు రోజారాణి. గల్లీ చివర బ్యూటీ పార్లర్ నడుపుతుంది. నాలుగోవాడు నాగేశ్. అదే గల్లీ వాడు, బ్యాంకు కార్డులు ఇప్పించే ఏజెంటు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

ఫిర్యాదు చేస్తానని అందరినీ ఇక్కడికి రప్పించింది రోజారాణే. దొంగతనం అంటగడితే నోరు మూసుకుని పడుండే రకం కాదామె. ఎడమ చెంప వాచి కమిలిపోయి ఉంది. రుచిత మొదట అడిగింది దాని గురించే.

"ఎవరు కొట్టిన్రు?"

"మా ఆయనే. మాటకు ముందు చెయ్యి లేస్తది మేడం."

శైలేందర్ తల దించలేదు. పైగా గొంతు పెంచాడు.

"మరి కొట్టకుంట ఏం జెయ్యాలె? అన్నీ పార్లర్ సామాన్లే కొన్నది. పార్సిళ్లు ఈమె పేరు మీదనే వచ్చినయి. బీరువా తాళం గూడ ఈమె కొంగుకే ఉంటది."

"నేను కొనలే! ఆ డబ్బాలు జూసి ఎవలో తప్పు పంపిన్రనుకున్న."

"చాలు," అంది రుచిత. "ఓటీపీ ఎవరి ఫోనుకు వచ్చింది?"

ఎవరికీ రాలేదు. సామాను కొన్న సైట్ బయటి దేశానిది. అలాంటి కొన్ని సైట్లలో ఓటీపీ అడగరు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు కొడితే పనైపోతుంది.

"కొత్త కార్డుకు బయటి దేశం కొనుగోళ్లు బంద్ చేసి ఉంటయి. యాప్‌లో వాటిని ఆన్ చేసిందెవరు?"

"నేనే మేడం," అన్నాడు నాగేశ్ మర్యాదగా. "అన్నీ చాలు చేసిస్తం, కస్టమర్‌కు తిప్పలుండొద్దని."

"అసలు నీకు కార్డెందుకవ్వా?"

"గీ నాగేశే ఇప్పిచ్చిండు బిడ్డా. బ్యాంకుల డిపాజిట్ ఉంటె ఉత్తగనే ఇస్తరన్నడు."

ఉత్తగ! రుచిత పళ్లు కొరికింది. తొగుట దగ్గర రెండెకరాలు రిజర్వాయర్‌లో మునిగితే వచ్చిన పైసలు ఆ డిపాజిట్. ముసలామెకు ఉన్న ఆధారం అదొక్కటే. బిల్లు కట్టకపోతే బ్యాంకు దాన్నే పట్టుకుంటుంది.

"బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బంద్ పెట్టించినవా?" శైలేందర్‌ను అడిగింది.

"లేదు మేడం. ఇంటి ఇజ్జత్ పోతది, చెప్పకు అన్నడు నాగేశ్. బిల్లుల మినిమం కట్టమంటె కట్టిన. ఈ నెలకు అయిపోయినట్టే గద?"

"ఏం అయిపోయింది, నీ మొహం! మినిమం కడితే లేటు ఫీజు తప్పుతది, అంతే. మిగిలినదానికి రోజురోజుకూ వడ్డీ పెరుగుతది. నేను కొనలేదని మొదటి రోజే బ్యాంకుకు చెప్తే మీ అవ్వ మీద రూపాయి గూడ పడకపోతుండె."



రుచిత నాగేశ్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. రోజారాణి ఎట్ల కొన్నదంటవ్?"

"కార్డు బీరువాలకెళ్లి తీసింది. ఎనక మూడంకెలు సూసి కొట్టింది. సీదా ముచ్చట."

"కార్డు వచ్చిన రోజు నువ్వు చూసినవా?"

"నా చేతులతోటే కవరు చింపి ఇచ్చిన. పొద్దున పదికి. పార్లర్ల ఉండె ఈమె, బండి మీద ఉండె శైలేందర్. రామవ్వ ఒక్కతే ఉన్నది."

"సరే, ఇదిగో బీరువాలకెళ్లి రోజారాణి తీసి తెచ్చిన కార్డు. ఆ మూడంకెలు చదువు."

నాగేశ్ కార్డు తిప్పాడు. అక్కడే ఆగిపోయాడు. మూడంకెలు ఉండాల్సిన చోట తెల్లటి గీతలే ఉన్నాయి. ప్లాస్టిక్ లోతుగా చెక్కుకుపోయింది.

"అవ్వా, ఎవరు చేసిన్రిది?"

"నేనే బిడ్డా," అంది రామవ్వ భయంగా. "గీకితెనే కార్డు చాలైతదని గీ నాగేశే చెప్పిండు. పోన్ల పైసలేసే రీచార్జి కార్డును ఎన్కటి దినాలల్ల గీకుతుంటిమి గద? గట్లనే అనుకున్న. గీడు గడప దాటంగనే కొడవలి మొనతోటి గీకిన. పైన ఏం పొర లేకపాయె, అందుకే గట్టిగ గీకిన."

రోజారాణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"దుకాణంలో మిషన్ మీద గీకమన్నవ్ నువ్వు," అంది రుచిత. "అవ్వ నిజంగానే గీకింది. మొగుడూ పెళ్లాలు ఇల్లు చేరేసరికి ఆ అంకెలు లేవు. అవి చూసిన చదువొచ్చిన మనిషివి నువ్వొక్కడివే. అందరూ బిల్లు చూసిన్రు, పార్సిళ్లు చూసిన్రు. కార్డు తిప్పి చూసినోడు లేడు. ఫోన్లు రెండూ ఇటు పెట్టు."

రెండో ఫోన్‌లో, తీసేసిన ఫొటోల్లో దొరికింది. కార్డు ముందూ వెనకా, ఉదయం పది దాటి నాలుగు నిమిషాలకు తీసిన ఫొటో.

"రూపాయి లాభం లేదు గదరా నీకు! సామాను గూడ ఆమెకే పంపితివి. ఎందుకు చేసినవ్?"

నాగేశ్ మర్యాదంతా ఎగిరిపోయింది.

"పొదుపు సంఘం ఆడోళ్ల ముంగట గీ రోజారాణి నన్ను నిలబెట్టింది మేడం! లోన్ల కమీషన్ తిన్ననని దొంగా అన్నది. నా అవ్వ గాడనే ఉన్నది. దొంగ అనిపిచ్చుకుంటె ఎట్లుంటదో గీమెకు గూడ తెల్వాలె, సొంత ఇంట్లనే తెల్వాలె అనుకున్న. తెలిసింది గద?"

రోజారాణి లేచింది. కొడుతుందేమో అనుకున్నారు. కొట్టలేదు.

"తెలిసిందిరా. ఇగ నీకు తెలుస్తది."

కాగితం లాక్కుని, టేబుల్ మీద వంగి ఫిర్యాదు మొత్తం తానే రాసింది. ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టి రుచిత ముందుకు తోసింది.

శైలేందర్ మెల్లగా దగ్గరికి వచ్చాడు. "అయిందేదో అయింది. దా, ఇంటికి పోదాం."

రోజారాణి అతని వైపు చూడలేదు.

"ఇంకో కాయితం ఇయ్యిండ్రి మేడం."

"గదెందుకే?"

"గది నాగేశ్ మీద. గిది నీ మీద."

శైలేందర్ బిత్తరపోయి తల్లి వైపు చూశాడు. "అవ్వా, నువ్వన్న చెప్పు!"

రుచిత కాగితం ఇస్తూ అడిగింది. "కొట్టంగ చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా? సాక్షి పేరు రాయాలె."

రామవ్వ కుర్చీ లోంచి లేచి, కోడలి పక్కన నిలబడి, బొటనవేలు చాపింది.

"నేనున్న. సిరా డబ్బా ఇటియ్యి బిడ్డా."