మస్తాన్‌బీ వాటా

పొద్దుటి నుంచి తాగిన నీళ్లకు తస్లీమా కడుపు కుండలా ఉబ్బింది. అయినా ఇంకో గడప మిగిలే ఉంది. వడ్డీ బదులు ఆస్తిలో వాటా, దాని అద్దె ఇచ్చే సుకూక్ పత్రాలకు సాక్షి ఉద్యోగంలో కష్టమంతా ఇదే. వాటాదారు ఎదుట కూర్చోవాలి, ఆ ఆస్తి ఇచ్చే ఫలాన్ని ఇద్దరూ కలిసి అనుభవించాలి, ఆ తర్వాతే నోటిమాట అడగాలి. రోడ్డు సుకూక్ సాక్షులు వాటాదారుతో ఆ రోడ్డు మీద హాయిగా నాలుగడుగులు నడిచి వచ్చేస్తారు. తస్లీమా వంతుకు సముద్రపు నీళ్లను తాగేనీళ్లు చేసే ఉప్పుతీత కేంద్రం పడింది.

పడవ దిగి నిచ్చెనెక్కింది. సముద్రం బందరు వీధుల్లోకి వచ్చాక ఈ పేటలో ఇళ్లన్నీ స్తంభాల మీదే. దూరంగా, తేలుతున్న కేంద్రం పక్కన లాగుడు పడవ కాచుక్కూచుంది. సర్కారు ఒకప్పుడు ఆ కేంద్రాన్ని వాటాలుగా పేటవాళ్లకు అమ్మి, వాళ్ల దగ్గరే అద్దెకు తీసుకుని నడిపింది. ఇవాళ గడువు తీరింది. ఆఖరి వాటాదారు మాట వినగానే దాన్ని దక్షిణ రేవుకు లాక్కుపోతారు. ఇక పేటకు మళ్లీ నీటిపడవల ఎదురుచూపులే. తస్లీమా ఇల్లూ ఇక్కడే. ఇంటింటా "అమ్మాను" అన్న మాట వింటుంటే ఆమె గుండె కలుక్కుమంటూనే ఉంది. కానీ సాక్షి పని వినడం, వద్దనడం కాదు.

"రా అమ్మాయ్. నీ మొహం చూస్తే ఇంకో చుక్క పట్టేట్టు లేదే" అంది ఆఖరి వాటాదారు మస్తాన్‌బీ, గ్లాసులు కడుగుతూ. "సగమే పోస్తాలే."

"సగం చెల్లదు మామ్మా. నోటిమాట నమోదు చేసే తూనిక చూస్తోంది."

ఇద్దరూ తాగారు. తస్లీమా మణికట్టు మీద తూనిక వెలిగింది.

"మస్తాన్‌బీ గారూ, మీ వాటా సర్కారుకు అమ్ముతున్నారా?"

"అమ్మను."

"మంచిది. దక్షిణ రేవులో మీ వాటా కొనసాగుతుంది."

"ఎవరో తాగే నీళ్లకు నేనిక్కడ కూర్చుని అద్దె తినాలా? ఉంచుకోను కూడా."

మస్తాన్‌బీ కొంగు తలమీదికి లాక్కుని, తడబడకుండా చెప్పింది. "నా వాటా వక్ఫ్ చేస్తున్నా. ఈ పేట తాగే నీళ్ల కోసం, ఎప్పటికీ. ఇక దాన్ని అమ్మేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు."

తూనిక రంగు మారింది. "ఇది అమ్మకం కాదు, కొనసాగింపు కాదు. అమ్మకంగా నమోదు చేయమంటారా, సాక్షీ?" అని అడిగింది.

సరే అంటే చాలు, ఇప్పుడే ఇంటికెళ్లి నడుం వాల్చొచ్చు. అన్ని నీళ్లు తాగిన గొంతు ఎండిపోయింది. భయమేసింది తస్లీమాకు, ఉద్యోగం పోతుందేమోనన్న భయం. మస్తాన్‌బీ మాత్రం తాపీగా గ్లాసు బోర్లించింది.

"వద్దు" అంది తస్లీమా. "వక్ఫ్ అన్నారు. నా చెవులారా విన్నాను. సాక్షిని."

"వక్ఫ్ వాటా పేట దాటరాదు" అంది తూనిక. "దాన్ని విడదీస్తే మిగతా కేంద్రం కదులుతుంది. మీ వాటా ఏ భాగమో చూపించండి."

"అది నువ్వే చెప్పాలి నాయనా" అని నవ్వింది మస్తాన్‌బీ. "ఏ గొట్టం నాదో, ఏ మర నాదో చూసుకుని, దాన్నొదిలేసి మిగతాదంతా తీసుకుపో."

"సుకూక్ వాటా ప్రతి భాగంలోనూ ఉంటుంది."

"ప్రతి మరలోనూ?" అడిగింది తస్లీమా. ఆమెకు నవ్వు ఆగడం లేదు.

"ప్రతి మరలోనూ. విడదీసే వీల్లేదు, కేంద్రం కదలరాదు" అంది తూనిక.

కిటికీలోంచి చూస్తే, తూనిక మాట అందినట్టుంది, లాగుడు పడవవాళ్లు కేంద్రానికి కట్టిన తాళ్లు విప్పుకుని ఒట్టి పడవతో వెనుదిరుగుతున్నారు. పక్క వసారాల్లోంచి జనం ఏమైందని కేకలేసి అడుగుతున్నారు. వాళ్లందరికీ ఈ కబురు తానే చెప్పాలని తస్లీమాకు ప్రాణం లాగుతోంది. కానీ ముందు కూలబడి చెయ్యి చాచింది.

"మామ్మా, ఇంకో గ్లాసుడు పొయ్యి. దాహంగా ఉంది."