ఐదు ఆంపియర్ల ఇల్లు

కోడలు తలార్ మెషీన్లో బట్టలు వేసి ఇటు తిరిగిందో లేదో, ఫ్రిజ్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. వంటింట్లో దీపం పోయింది.

"అత్తయ్యా! మళ్లీ హీటర్ వేశారా?"

"హీటరా, నా మొహమా! కాఫీ గ్యాసు మీద పెట్టుకున్నాను, కనపడ్డంలేదూ?" అంది అర్షలూయిస్.

వాళ్ల పేట బుర్జ్ హమ్మూద్‌లో సర్కారు కరెంటు వచ్చిన రోజు పండగే. మిగతా రోజులన్నీ వీధి జనరేటర్ వాడిచ్చే ఐదు ఆంపియర్లతో నెట్టుకు రావాలి. ఫ్రిజ్, మెషీన్ కలిసి నడుస్తాయి. ఇంకోటి వేశామా, కింద మీట పడిపోతుంది. ఎవరో ఒకరు నాలుగంతస్తులు దిగి దాన్ని లేపి రావాలి. నెల్లాళ్లుగా రోజూ ఇదే గోల. నెల్లాళ్లుగా ఆ నింద అర్షలూయిస్ నెత్తినే.

ఇవాళ ఆదివారం, వాళ్ల నగల కొట్టుకి సెలవు. కొడుకు జిరాయిర్ తిట్టుకుంటూ దిగి, రొప్పుతూ పైకొచ్చాడు.

"మెషీన్ ముట్టుకోకు తలార్! ఈ ఇంట్లో కరెంటు తాగుతున్న దెయ్యం ఏదో ఇవాళ తేల్చేస్తాను."

గది గదీ వెతికాడు. చివరికి మూసి ఉన్న ఆ గది తలుపు తోశాడు. అది అతని చెల్లెలు సోసి గది. మన చర్చి కాదు, మన భాష కాదు, ట్రిపోలీ కుర్రాడు నదీమ్‌ని చేసుకుంటానని ఆ పిల్ల కట్టుబట్టలతో వెళ్లిపోయి ఏడు నెలలైంది. ఆ రోజే తండ్రి మిహ్రాన్ ఒట్టేశాడు, దాని పేరు ఈ గడప లోపల వినపడకూడదని. అప్పట్నుంచి ఆ గదిలోకి ఎవరూ వెళ్లరు. చేతులు వణికి కొట్టు మానేసిన మిహ్రాన్ మాత్రం కాఫీ పట్టుకుని, దాని గుండానే బాల్కనీలోకి వెళ్లి కూర్చుంటాడు.

"అమ్మా! ఇలా రా!"

జిరాయిర్ కేకకి అర్షలూయిస్ పరిగెత్తింది. సోసి కంప్యూటర్ వెలుగుతోంది. తెర మీద సగం గీసిన ఉంగరం. దాని చుట్టూ బాణం గుర్తు తనంతట తనే తిరుగుతోంది. కుర్చీలో మనిషి లేడు.

"యేసయ్యా!" అని శిలువ వేసుకుంది.

"యేసయ్య కాదు, నీ కూతురు! అక్కడ మొగుడింట్లో కూర్చుని, వాళ్ల ఇంటర్నెట్లోంచి మన ఇంట్లో దూరింది. తలుపు మూస్తే కిటికీలోంచి దొంగతనం!"

ఫోన్ తీసి అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఏమే, సిగ్గుందా నీకు? మన కొట్టు నమూనాలు ఎవడికి అమ్ముకుంటున్నావు?"

"అన్నయ్యా?" అంది అవతలి గొంతు.

ఏడు నెలల తర్వాత ఆ గొంతు. అర్షలూయిస్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఒక్కసారి 'తల్లీ' అందామని నోటిదాకా వచ్చింది. బాల్కనీ వైపు చూసి మింగేసింది.

"కొట్టు నమూనాలు ఒక్కటీ ముట్టుకోలేదు. ఇవి నేను గీసినవి. నా కంప్యూటర్ నాకియ్యరా బాబూ అని ఎన్నిసార్లు బతిమాలాను? ఇనుము కొట్టు వాడికైనా ఇస్తాను గానీ నీకివ్వనన్నావు. ఇక్కడున్న పాత డబ్బా ఈ పని మొయ్యదు. నా పొట్ట మీద కొట్టి మళ్లీ నన్నే దొంగంటావా?"

"అంటాను! రేపే దీన్ని అమ్మి పారేస్తాను. ఇంక ఎలా దూరతావో చూస్తాను."

"అమ్ముకో. అమ్మని మాత్రం ఏమీ అనకు."

"అమ్మనెందుకంటాను?"

సోసి తడబడింది. "రోజూ పొద్దున అమ్మేగా దీన్ని వేసేది. ఆరిపోయిన దాంట్లోకి నేనెలా వస్తాననుకున్నావు? అర్ధరాత్రి జనరేటర్ ఆగితే ఇది చచ్చిపోతుంది. పొద్దున ఎవరో ఒకరు మీట నొక్కితేనే నాకిక్కడ దొరుకుతుంది. నెల్లాళ్లుగా ఒక్కరోజు తప్పలేదు."

జిరాయిర్ తల్లి వైపు తిరిగాడు.

"ఓహో! ఇంటి దొంగవి నువ్వా? నాన్న ఒట్టంటే అంత లెక్కలేదా నీకు? నా పెళ్లాం రోజూ బట్టలు పిండలేక చస్తుంటే, నువ్వు చాటుగా కూతురికి దీపం పెడుతున్నావా?"

"నా బిడ్డ మీద ఒట్టురా, నాకు దాని మీట ఎక్కడుందో కూడా తెలీదు! దుమ్ము దులపాలన్నా భయమే..."

ఆవిడ మాట సగంలో ఆగిపోయింది. నిజంగానే తెలీదు. తెలిసుంటే నొక్కేదాన్ని కదా, అనిపించింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తల్లినయ్యుండీ ఆ పాటి దొంగతనం కూడా చేతకాలేదు.

"అబద్ధాలాడకు!" అని జిరాయిర్ వంగి వైరు పట్టుకుని లాగేశాడు. తెర నల్లబడింది.

"పోయింది," అంది ఫోన్లో సోసి, నీరసంగా.

బాల్కనీ తలుపు కిర్రుమంది. మిహ్రాన్ లోపలికొచ్చాడు. చేతిలో కాఫీ కప్పు సాసర్లో టకటకలాడుతోంది. దాన్ని బల్ల మీద పెట్టి, మోకాలు నొప్పికి మూలుగుతూ వంగి, కొడుకు చేతిలోంచి వైరు తీసుకుని మళ్లీ గుచ్చాడు. తడుముకోకుండా మీట నొక్కాడు.



"నాన్నా... మీరా?" అన్నాడు జిరాయిర్. "మరి ఒట్టు?"

"పేరెత్తనన్నాను. ఎత్తానా?" కుర్చీలో కూలబడ్డాడు ముసలాయన. "ఓరోజు సర్కారు కరెంటొస్తే సరదాకి వేశాను. ఇదిగో, ఈ బాణం కదిలింది. నాకు తెలీదూ అది ఎవరి చెయ్యో? చిన్నప్పుడు నా పక్కన కూర్చుని నగల అచ్చులకి మైనం చెక్కిన చెయ్యి. అప్పట్నుంచి రోజూ పొద్దున, కింద మీట పడి ఆరినప్పుడల్లా కూడా, నేనే వేసి, అది కదులుతుంటే చూస్తూ కాఫీ తాగుతున్నాను. అదీ పాపమేనట్రా?"

"నెల్లాళ్లు నన్ను తిట్లు తిననిచ్చారు కదండీ!" అంది అర్షలూయిస్, ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒక్కటి వేసి.

"నువ్వు తట్టుకోగలవు. నేను తట్టుకోలేను."

తెర వెలిగింది. కాసేపటికి బాణం కదిలింది. ఫోన్లో వెక్కిళ్లు వినపడ్డాయి. మిహ్రాన్ కళ్లజోడు సర్దుకుని ఉంగరం మీదికి వంగాడు.

"ఆ కొక్కేలు మరీ సన్నం చేశావు. రాయి ఊడిపోతుంది."

"సరిచేస్తాను నాన్నా."

"అక్కణ్ణించి కాదు. ఇంటికొచ్చి చెయ్యి."

జిరాయిర్ విసురుగా బయటికెళ్లి తలుపు దఢాలుమని వేశాడు. అర్షలూయిస్ అటు చూడను కూడా లేదు.

"ఒక్కదాన్నేనా, నాన్నా?" అడిగింది సోసి.

మిహ్రాన్ చల్లారిన కాఫీ ఎత్తి ఒక్క గుక్క తాగాడు.

"లిఫ్టు పనిచెయ్యదు. నాలుగంతస్తులు. ఎక్కగలడా వాడు?"