వసపిట్ట నోరు మెదపలేదు

“ఆపెయ్ నాన్నా! ఆయిల్ మీటరు ముల్లు కదలట్లేదు!” అని అమ్మ అరిచింది.

తాతయ్య గబుక్కున తాళం తిప్పాడు. డుగుడుగుమంటున్న పాత కారు ఓసారి దగ్గి ఊరుకుంది.

అది తాతయ్య కుర్రతనంలో కొన్న కారు. ఏళ్ల తరబడి షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. మెకానిక్ అయిన అమ్మ, తాతయ్య కలిసి దానికి మళ్ళీ ప్రాణం పోస్తున్నారు. ఇవాళ మొదటి షికారు. అమ్మమ్మ పొద్దున్నే తయారై, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగుతో వెనక సీట్లో కూర్చుంది. దిగమంటే దిగదు.

“నేను దిగానంటే మీరు మళ్ళీ ఏదో ఒకటి విప్పుతారు,” అంది.

అమ్మ నుదురు తుడుచుకుంది. “అడుగున ఆయిల్ నిండుగా ఉంది. పంపు దాన్ని పైకి తోడట్లేదు. ఇలాగే నడిపితే ఇనుమూ ఇనుమూ రాసుకుని ఇంజిన్ బిగుసుకుపోతుంది. మన కష్టమంతా నేలపాలే.”

“పంపు బిగించింది నువ్వేగా!”

“మీటరు కొన్నది నువ్వేగా!”

తండ్రీకూతుళ్ళు వాదనకు దిగారు. మీటరు మార్చారు. ముల్లు సున్నా దగ్గరే బబ్బుంది. మీటరు గొట్టం విప్పి చూశారు. చుక్క ఆయిల్ కూడా రాలేదు.

ఇంత జరుగుతున్నా ఒకరు మాత్రం కిక్కురుమనలేదు. ఆ ఇంటి మనవరాలు. నిద్రలో కూడా మాట్లాడుతుందని అందరూ ఆమెను వసపిట్ట అంటారు. ఇప్పుడా వసపిట్ట తన కాళ్ళకేసి చూసుకుంటోంది. ఒక కాలికి తెల్ల సాక్సు, ఇంకో కాలికి నీలం సాక్సు.

రెండో తెల్ల సాక్సు ఎక్కడుందో ఆమెకు ఇప్పుడే గుర్తొచ్చింది.

కిందటి వారం అమ్మ ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిని విప్పింది. ఆయిల్ పీల్చే గొట్టం నోరు తెరుచుకుని కనిపించింది. అందులోకి చీమలు దూరతాయేమోనని వసపిట్ట తన సాక్సు తీసి కుక్కింది. ఇంతలో వీధిలో ఐస్‌క్రీమ్ బండి గంట మోగింది. ఇంకేముంది, పరుగో పరుగు! ఆ తర్వాత అమ్మ గొట్టం మూతికి జల్లెడ బిగించేసింది.

చెబితే తిడతారు. వసపిట్టకు చాలా భయం వేసింది.

అమ్మ పెద్ద పానా కోసం లోపలికి వెళ్ళింది. తాతయ్యకు ఓపిక నశించింది.

“దీనికి బద్ధకం, అంతే. ఓసారి గట్టిగా రైజ్ చేస్తే ఆయిల్ అదే ఎక్కుతుంది,” అంటూ తాళం మీద చెయ్యి వేశాడు.

వసపిట్ట కారు తలుపు పట్టుకుంది.

వెనక సీట్లోంచి అమ్మమ్మ తొంగిచూసింది. “ఏమే, ఇందాకట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు? నోట్లో గుడ్డ కుక్కుకున్నావా ఏంటి?”

“నా నోట్లో కాదు అమ్మమ్మా! ఇంజిన్ నోట్లో!”

తాతయ్య చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. వసపిట్ట ఏడుస్తూనే అంతా చెప్పేసింది.

అమ్మ కారు కిందకి దూరి, తొట్టి విప్పి, జల్లెడ తీసి, పట్టకారుతో లాగింది. నల్లబడిన తెల్ల సాక్సు ఆయిల్ కారుతూ బయటికొచ్చింది.

“దీన్ని వెతుకుతూనా నేను మంచాల కింద పాకింది!” అంది అమ్మమ్మ.

“చూసుకోకుండా బిగించడం నా తప్పే,” అంది అమ్మ. “కానీ ముల్లు కదలనప్పుడే ఎందుకు చెప్పలేదే?”

“తిడతావని...”

“తిట్టేదాన్నే. తిట్టి, సాక్సు తీసేదాన్ని. అంతేగా!”

సాయంత్రం మళ్ళీ తాళం తిప్పారు. ముల్లు వణికి, చకచకా పైకి లేచింది. అమ్మమ్మ వీధి వీధంతా చెయ్యి ఊపుతూ షికారు చేసింది.

మరుసటి వారం అమ్మ కార్బ్యురేటర్ విప్పింది. అక్కడ ఇంజిన్‌కు ఇంకో నోరు తెరుచుకుంది. వసపిట్ట శుభ్రమైన గుడ్డ కుక్కి, దాని కొసకు తన ఎర్ర రిబ్బన్ కట్టింది. రిబ్బన్ రెండో కొసను స్టీరింగుకు ముడివేసింది.

“అమ్మా, ఇక్కడ గుడ్డ పెట్టాను! తాతయ్యా, గుడ్డ పెట్టాను! అమ్మమ్మా...”

గోడ అవతలున్న పక్కింటి ఆంటీకి కూడా చెప్పి వచ్చింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

తాతయ్య చెవులు మూసుకున్నాడు. “అబ్బబ్బ, తెలిసిందిలే తల్లీ! ఇక నోట్లో గుడ్డ కుక్కుకో!”

“ఏ నోట్లో తాతయ్యా?”