కొత్తింటికి పాత చీపురు

తెర మీద అంకె తొంభై ఎనిమిది దగ్గర కాసేపు తటపటాయించి, నూరుకు చేరింది. ‘రిస్టోర్ పూర్తయింది’ అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. ఆసుపత్రి మంచం మీద శోభనాద్రి కళ్లు తెరిచాడు. పక్కనే నిలబడ్డ భార్య నాంచారమ్మను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు.

"నేనయ్యా, నీ పెళ్లాన్ని!" అంది ఆమె.

బందరుకు సముద్రపు గోడ కట్టిన ఏడాదే జ్ఞాపకాల డిస్కూ వచ్చింది. మతిమరుపు జబ్బు ముదరకముందే మనిషి జ్ఞాపకాలను ఫైళ్లుగా మార్చి, చెవి వెనక చింతగింజంత డిస్కులో దాస్తారు. మెదడు మరిచిపోయినదాన్ని డిస్కు అందిస్తుంది. ఐస్ ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసిన శోభనాద్రి పదేళ్లు దానితోనే నెట్టుకొచ్చాడు. ఏ డిస్కయినా అరగక మానదు, కొత్తదానిలోకి మారాలి. ఇల్లు మారడమే అనుకోండి. వెనకటికి రెండెడ్ల బండి మీద సామాను తోలుకొచ్చినా ఆవకాయ జాడీ మూతో, గడియారం తాళంచెవో దారిలో మాయమయ్యేది. జాడీ మూత పోతే పళ్లెం బోర్లిస్తాం. ఇక్కడ ఏకంగా పెళ్లామే పోయింది!

డాక్టర్ రుక్సానా అతన్ని అడిగింది. "ఫ్యాక్టరీలో మీ మేస్త్రీ ఎవరు?"

"సుబ్బులు మేస్త్రీ. నత్తివాడు."

"మీకు పెళ్లయిందా?"

శోభనాద్రి బిక్కమొహం వేశాడు. "తెలీదండీ."

డాక్టరు అతనికి మత్తు ఇచ్చి, మళ్లీ తెర ముందు కూర్చుంది. "ఫైళ్లన్నీ వచ్చాయమ్మా, మీ గురించినవి తెరుచుకోవడం లేదంతే. వదిలేసిన ఫైలు ఒకటే. మీరు వద్దన్నది."

నాంచారమ్మకు చెమటలు పట్టాయి. కిందటి వారం తనే ఈ గదికి వచ్చి, ఒక తేదీ చెప్పి, ఆ రోజు వద్దంది. "కొత్తింటికి పాత చీపురు తీసుకెళ్తామా డాక్టరమ్మా?" అని నవ్వింది కూడా.

అది ఉప్పెన వచ్చిన రోజు. పీకలోతు నీళ్లలో మొగుడూ పెళ్లాం చేతులు పట్టుకుని నడుస్తున్నారు. తాడిచెట్టు కనబడింది. చెట్టును వాటేసుకోవాలంటే రెండు చేతులూ కావాలి. ఆమె అతని చెయ్యి వదిలేసింది. మూడోనాడు తుమ్మకంపలో ప్రాణాలతో దొరికాడు. ఎందుకు వదిలావని ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

"ఆ ఒక్కటీ లేకపోతే ఏం?" అంది.

"మీ గురించి ఏది తలుచుకున్నా ఆయన మొదట ఆ రోజునే తలుచుకునేవారు. దాంతో డిస్కు ఆ ఫైలునే గుమ్మం అనుకుంది. గుమ్మం లేకుండా గదుల్లోకి పోలేం."

ప్రతిసారీ తలుచుకున్నాడా! అన్నం వడ్డించినప్పుడూ, కాళ్లు పట్టినప్పుడూ!

"పాత డిస్కు ఇంకో పావుగంట కూడా ఆగదమ్మా. తర్వాత ఆ ఫైలు ఇక తీయలేం. చెప్పండి."

పరాయిదానిగా బతకడమా? దొరికిపోయి బతకడమా?

"పెట్టండి," అంది.

ఈసారి శోభనాద్రి కళ్లు తెరుస్తూనే, "నాంచారూ!" అన్నాడు. మరుక్షణం ముఖం పాలిపోయింది. డాక్టరు వైపు తిరిగాడు. "ఆ రోజు వద్దని రాసిచ్చాను కదమ్మా! మళ్లీ ఎందుకు పెట్టారు?"

నాంచారమ్మ నిర్ఘాంతపోయింది. "ఈయనా అడిగారా?"

"అదే తేదీ. ఒకరి మాట ఇంకొకరికి చెప్పకూడదమ్మా, మా రూలు," అంది డాక్టరు తల వంచుకుని.

శోభనాద్రి భార్య వైపు తిరిగాడు. "దూలం ఒకటి కొట్టుకొచ్చిందే. దాన్ని పట్టుకోవడానికి నీ చెయ్యి వదిలేశాను. నిన్ను చూసినప్పుడల్లా అదే. నీకు తెలిసిపోతుందేమోనని చచ్చేంత భయం."

"కాదయ్యా, వదిలింది నేను! తాడిచెట్టు కోసం..."

"ఊరుకోవే. నా మీద జాలితో చెబుతున్నావు."

"ఒట్టయ్యా! నీ తలమీద చెయ్యి పెట్టి..."

"డిస్కులో అంత స్పష్టంగా ఉంటేనూ!" అన్నాడు అతను కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు పెద్దదానివైపోయావు నాంచారూ. నీకు సరిగ్గా గుర్తులేదు."

ఆమె డాక్టరు వంక చూసింది. డాక్టరు తెర వంక చూసింది. అక్కడ పచ్చగా, తప్పులు సున్నా అని ఉంది.