తల్లికొలిమి

అబద్ధం నా కథల గడప తొక్కదు. దొరికిందంటే మీసం తీయించేస్తాను.

పైడితల్లి గనిపైన, మీటలుండే తిత్తిగదిలో కూర్చుని గని కూలీల కొలిమిజన్యువులను గీత గీతగా ఎగదోస్తోంది. కణం కణంలోనూ తల్లి ఇచ్చిన కొలిమి ఉంటుంది. దాని జన్యువులు పలికినంతసేపే ఒంట్లో సత్తువ. మూగబోతే ముందు కళ్లు పోతాయి, ఆపైన కండలు, చివరికి గుండె. ఎర్రగీత దాటి పలికినా గుండె మాడుతుంది. కంపెనీ ఆ పలుకుకు మీటలు బిగించింది, తల్లివంశానికి ఒకటి చొప్పున.

కింద గనిలో విషవాయువు లేచింది. సరుకు పైకొచ్చేదాకా గేటు తీసేది లేదన్నారు కాపలావాళ్లు. బొడ్డయ్య అనే కూలీ ఒకడి దవడ పగలగొట్టి, ఇంకొకడి చెవి కొరికి ఉమ్మాడు. ఆ చెవి ఎగిరి గోడకు అతుక్కుంది. నా మీసం మీద ఒట్టు. నాకు మీసం ఎప్పుడుందని మాత్రం అడక్కండి.

తిత్తిగది అద్దంలోంచి చూస్తే, కింద కాపలావాళ్ల కర్రలు బొడ్డయ్య వీపు చీలుస్తున్నాయి.

"వాడి మీట దించు," అన్నాడు సూపర్‌వైజరు రంగనాయకులు.

"సచ్చిపోతాడు బాబూ. మా తమ్ముడు."

"నీకు ఊరంతా తమ్ముళ్లే కదే!"

నిజమే, టీ తెచ్చేవాడు కూడా ఆమెకు తమ్ముడే. కానీ బొడ్డయ్య పిన్ని కొడుకు, తల్లి సొంత చెల్లెలి బిడ్డ. మేనత్త కొడుకైతే బావ అయ్యేవాడు, మీటా వేరయ్యేది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకటే మీట. రంగనాయకులికి ఆ వరస తట్టలేదు.

మైకులో బొడ్డయ్య అరిచాడు: "అప్పా! దించీయే! ఈ నాకొడుకుల సేతిలో కన్నా నీ సేతిలో సావు నయిం!"

"నోర్ముయ్యిరా ఎదవా!"

రంగనాయకులు ఆమె జుట్టు పట్టి తలను బల్లకేసి కొట్టాడు. ముక్కు రక్తం మీట మీద కారింది. ఆమె దాన్ని దించలేదు. ఎర్రగీత దాటించి విరిచేసింది.

కింద బొడ్డయ్య ఒళ్లు కుతకుతలాడింది. ఇద్దరు కాపలావాళ్లను ఎత్తి గేటుకేసి కొట్టాడు. వాళ్ల ఎముకలూ గేటూ కలిసే విరిగాయి. పైన పైడితల్లి పట్టుకున్నచోట రంగనాయకులి మెడ బొబ్బలెక్కింది.

"సొంతోడు ఒక్కడే బాబూ," అంటూ అతన్ని అద్దం పగిలేలా కిందికి విసిరింది.

కూలీలు దగ్గుతూ, ఒకరినొకరు ఈడ్చుకుంటూ బయటపడ్డారు. వాళ్ల వెనకే అప్పా తమ్ముడూ భుజాల మీద చేతులేసుకుని ఎండలోకి నడిచి వచ్చారు.

ఇదిగో, ఒప్పేసుకుంటున్నాను. గేటు విరిగింది, కూలీలంతా బతికారు. చెవి సంగతి కూడా నిజమే. వాళ్లిద్దరూ నడిచి రావడమొక్కటే నేను కల్పించాను.