పాటు రాగానే తియ్యమన్న తూము

"పొట్ట మీదున్న వరిచేను! ఉప్పునీళ్ళు పట్టించి కూర్చున్నావు గదే! నీతో నాకు కాపురం వద్దు, మీ పుట్టింటికి పో!"

గట్టు మీద నిలబడి మొగుడు అలా అరుస్తుంటే, మోకాలి లోతు నీళ్ళలో ఆ పిల్ల రాయిలా నిలబడిపోయింది. కళ్ళు ధారగా కారిపోతున్నాయి...

పాపం, మెట్ట ఊరి పిల్ల! వానకి చేను మునిగితే తూము తలుపెత్తి నీళ్ళు వదలాలని మాత్రం ఎరుగును. కానీ ఇక్కడ చేల పక్కనే సముద్రపు పాయ. సముద్రం పొంగి వచ్చేది పోటు, వెనక్కి తీసేది పాటు. పాటులో తూము తీస్తే వాననీరు పోతుంది, పోటులో తీస్తే ఉప్పునీరు దూసుకొస్తుంది. "పాటు రాగానే తియ్యమ్మా" అని చెప్పి అత్తగారు చేపల బుట్ట ఎత్తుకుని రేవుకి వెళ్ళింది. ఆ పిల్ల చెవిలో పాటు కాస్తా పోటైంది! ఒక్క అక్షరం తేడా... పచ్చని కాపురాన్ని ముంచే తేడా!

కేక విని అత్తగారు బుట్ట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"దాన్నేమీ అనకురా! పోటు అని చెప్పింది నేనే. నోరు తడబడింది, తిడితే నన్ను తిట్టు!"

"కాదత్తయ్యా..." అనబోయింది కోడలు. అత్తగారు చెయ్యి గట్టిగా గిల్లింది.

కొడుకు వెనకే గట్టు మీదికొచ్చిన మామగారు పకపకా నవ్వాడు. "పడవలో పుట్టినదానివి! నిద్రలో లేపి అడిగినా పోటూ పాటూ చెప్తావు, నీ నోరు తడబడిందా? అబద్ధమాడినా అతికినట్టుండాలే!" అని కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, కాపురానికొచ్చిన కొత్తలో మీ అమ్మని కలుపు తియ్యమంటే వరినంతా పీకేసి, కలుపుని పువ్వుల్లో పెట్టి కాపాడింది! నేనూ నీలాగే గంతులేశాను. 'పీకమన్నది నేనే' అని మీ నాయనమ్మ అడ్డం పడింది. ఆవిడ ఆనాడు ఆ మాట అనకపోతే నువ్వెక్కడ పుట్టేవాడివిరా?"

కొడుకు తల వాలిపోయింది. తూము తలుపు దించి, పార అందుకుని, ఎగువ కాలువకి గండి కొట్టాడు. మంచినీళ్ళు చేలోకి దిగాయి. "పల్లపు మడిచెక్క పోయినట్టే. ఉప్పు కడిగి వదిలితే మెరక చెక్క బతుకుతుంది, మన తిండికి లోటుండదు" అన్నాడు మామగారు.

కోడలు అత్తగారి చేతులు కళ్ళకద్దుకుంది. "మా అమ్మైనా ఇంత చెయ్యదత్తయ్యా!"

"మీ అమ్మని తక్కువ చెయ్యకే పిచ్చిదానా... ఆవిడ కన్నది కాబట్టే నాకు దొరికావు. మా అత్త నాకు పెట్టింది, నేను నీకు పెడుతున్నా. ఏడుపాపి నీళ్ళు చూడు!" అంటూ పాయలో గడ్డిపరక వేసింది. పరక కాసేపు గిరగిరా తిరిగి, మెల్లగా సముద్రం దారి పట్టింది.

"ఏంటిది? పోటా, పాటా?"

"పాటు... పాటే అత్తయ్యా!"

మొగుడు తూము తలుపు మీద చెయ్యి వెయ్యబోయాడు. తల్లి వాడి చెయ్యి తోసేసింది.

"జరగరా! అది తీస్తుంది."